చిత్రకారుడు దామెర్ల రామారావు గారు

మన సముద్రతీర గ్రామములలో పుట్టి పెరిగినవారికి గీత యన నేమో ఎవరును నేర్పనక్కరలేదు. తెల్లవారుజామున మైపాడు ఒడ్డున నిలిచి తూర్పుదిక్కునకు చూచినయెడల, ఆకాశమును కడలిని విడదీయుచు ఒకే యొక గీత ఈ కొననుండి ఆ కొనవరకు సాగియుండును. దానిమీద దూరమున ఒక పడవ కనబడినంతనే మన చూపు పోయి దానిపై నిలుచును. అంత విశాలమైన చోటులో గోరంత పడవ మన చూపు నెట్లు లాగుకొన్నదని మన మెన్నడును ఆలోచింపము. పొడుగాటి అడ్డగీతమీద చిన్న నిలువుగీత లేచుటయు, పెద్ద ఖాళీలో ఒక్క వస్తువే యుండుటయు అందులకు కారణములు. ఇట్టి కారణములను కనిపెట్టి, వానిని తన చేతిలోనికి తెచ్చుకొనుటయే చిత్రకారుని విద్య.

మన ఆడపడుచులకు ఈ విద్య కొంత పుట్టుకతోనే వచ్చును. వాకిట చుక్కలు పెట్టునపుడు ఈ ప్రక్కకు ఎన్ని పెట్టినారో ఆ ప్రక్కకు అన్నియే పెట్టుదురు. అది తూకము. చుక్కలను చుట్టుకొని మెలికలు తిరుగు గీత చేయి యెత్తకుండ బయలుదేరిన చోటికే తిరిగి వచ్చును. అది లయ. వెంకటగిరి నేతగాండ్రు చీర నడిమి భాగమును సాదాగానో, చిన్న బుటాలతోనో విడిచిపెట్టి, జరీపనిని అంచునకును కొంగునకును దాచియుంచుదురు. నడుమ విడిచిన ఆ ఖాళీయే అంచునకు అందము తెచ్చుచున్నది. చీర యంతట జరీ నింపినచో కన్నెక్కడ నిలువవలెనో తెలియదు.

గీత, రూపము, రంగు, వెలుగునీడలు, ఖాళీచోటు అనునవి చిత్రమునకు పంచభూతముల వంటివి. తూకము, లయ, ప్రమాణము, ప్రాధాన్యము, ఏకత్వము అనునవి వానిని కూర్చు ధర్మములు. ఇవి పుస్తకములలో చదివిన పొడిమాటలవలె తోచును. ఒక మనుష్యుని జీవితములో చూచిన గాని వీనికి రక్తమాంసములు రావు. అందువలన ఈ రజతోత్సవ సంచికయందు ఇరువది యెనిమిదేండ్లయినను నిండకుండ కన్నుమూసి, తెలుగువారి చిత్రలేఖనమునకు ఒక త్రోవ వేసిపోయిన దామెర్ల రామారావు గారి చరిత్రను చెప్పదలచితిని.

రామారావు గారు మన జిల్లావారు కారు. గోదావరీతీరమున రాజమహేంద్రవరమున 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన జన్మించిరి. అయినను ఆ గోదావరికిని మన తీరమునకును నీటిచుట్టరికము కలదు. మన ఊళ్ల ప్రక్కగా పోవు బకింగుహాము కాలువ ఉత్తరమున పెదగంజాము వరకు పోయి, అచట కృష్ణ కాలువలతో కలిసి, వాని మీదుగా గోదావరి కాలువలను అందుకొనుచుండెను. రైళ్లును లారీలును ఇంతగా లేని కాలమున సరకుల పడవలు ఈ నీటిదారిన తిరిగెడివి. కాబట్టి రాజమహేంద్రవరపు కథను పరాయివారి కథగా మనము చూడ నక్కరలేదు.

ఆ కాలపు స్థితిని ముందుగా తెలిసికొనవలెను. అప్పటికి మన యిండ్లలో పటములనగా రాజా రవివర్మ చిత్రములకు అచ్చువేసిన నకళ్లు. వానిలో దేవతలకు సంపూర్ణముగా మనుష్యదేహములు, వెలుగునీడలు, పట్టుచీరల మడతలు కలవు. చూచువారి కన్నులు వానికి లొంగిపోయెను. ఇంకొక ప్రక్క వంగదేశమున అవనీంద్రనాథ ఠాకూరు గారును వారి శిష్యులును ఆ పాశ్చాత్యరీతిని కాదని, అజంతాను, మొగలాయి చిత్రములను, జపానువారి పలుచని రంగుపూతలను ఆదర్శముగా గొని క్రొత్త పద్ధతిని లేవదీసిరి. బొంబాయి పాఠశాల యొకటి, కలకత్తా సంఘ మొకటి. ఈ రెండింటి నడుమ తెలుగుదేశమున చిత్రకారుడు కాగోరు బాలునికి స్వంతమైన దేమియు లేదు. గుడిగోడలమీద లేపాక్షివంటి చోట్ల పూర్వులు వ్రాసిన వర్ణచిత్రములు కలవు కాని, వానిని చూచి నేర్చుకొనుమని చెప్పు గురువు లేడు. బొంబాయిని అనుకరింపవలెనా, కలకత్తాను అనుకరింపవలెనా, లేక తెలుగువానికి తన గీత యొకటి యుండునా? రామారావు గారి కొద్దిపాటి జీవిత మంతయు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే గడచెను.

వారి తండ్రి వేంకటరమణారావు గారు, తల్లి లక్ష్మీదేవి గారు. చిన్ననాటినుండియు బొమ్మలు వేయుటయందు ఆసక్తి మెండు. అట్టి పిల్లలు ప్రతి యూరను ఉందురు. పలకమీద పులిని వేసి ఉపాధ్యాయునిచేత దెబ్బలు తిన్నవారు ఈ సంచిక చదువువారిలోను కొంద రుండక మానరు. వారందరు చిత్రకారులు కాలేదు. రామారావు గారికి తటస్థించిన అదృష్టము ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు.

1910 దశకమున రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన కూల్డ్రే గారు ఇంగ్లండులో థేమ్సు నది యొడ్డున అబింగ్డను అను చిన్న పట్టణమున పుట్టినవారు. కవి, చిత్రకారుడు. గోదావరిని చూచి మురిసి, దాని రేవులను, పడవలను, తాటితోపులను స్వయముగ నీటిరంగులలో చిత్రించుకొనిరి. ఆయన చుట్టు చేరిన విద్యార్థులలో తరువాతి కాలమున కవియు నవలాకారుడును చిత్రకారుడునైన అడివి బాపిరాజు గారు, కవికొండల వేంకటరావు గారు, చిత్రకారుడు వరదా వేంకటరత్నము గారు ఉండిరి. పాలకజాతికి చెందిన దొర, పాఠ్యగ్రంథములు ముగించి ఇంటికి పోక, తెలుగు పిల్లలను వెంటబెట్టుకొని మీ నదిని చూడుడు, మీ మనుష్యులను చూడుడు అని చెప్పుట ఆ దినములలో సామాన్యమైన విషయము కాదు. మన తీరమున ఎన్నో తరములు గడచినను సముద్రమును గీయుమని మన పిల్లలకు చెప్పిన వా రెందరు?

1916వ సంవత్సరమున కూల్డ్రే గారి ప్రోత్సాహముతో రామారావు గారు బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలలో ప్రవేశించిరి. అప్పటి ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్ గారు వారి చేతిపని చూచి, మొదటి తరగతులలో కూర్చుండబెట్టక పైతరగతిలోనే చేర్చుకొనిరి.

ఆ పాఠశాలలో చెప్పెడి విద్య కఠినమైనది. విద్యార్థి ముందుగా గ్రీకు విగ్రహముల సున్నపు నకళ్ల యెదుట కూర్చుండి నెలల తరబడి వానిని బొగ్గుతో గీయవలెను. రంగు ముట్టరాదు. తెల్లని విగ్రహముమీద వెలుగు ఎచట పడినది, నీడ ఎచట మొదలైనది, ఆ రెంటి నడుమ మసక ఎంతవర కున్నది అనుదానిని కన్ను పట్టుకొనవలెను. తల పొడవును కొలతగా గొని మొండెము ఎన్ని తలలు, కాలు ఎన్ని తలలు అని లెక్కింపవలెను. దీనినే ప్రమాణ మందురు. దూరముగా పోవు బాట రెండంచులును ఒక బిందువున కలిసినట్లు ఏల తోచునో గణితమువలె నేర్వవలెను. 1919వ సంవత్సరమున గ్లాడ్‌స్టన్ సాలమన్ గారు ఆ పాఠశాలకు అధిపతియై వచ్చి, సజీవమైన మనుష్యులను ఎదుట నిలువబెట్టి గీయు తరగతిని ప్రారంభించిరి. సున్నపు బొమ్మకు లేనిదియు మనుష్యునికి ఉన్నదియు బరువు. మనుష్యుడు ఒక కాలిమీద బరువు మోపి నిలిచినపుడు నడుము ఒక ప్రక్కకు ఒరగును, భుజములు రెండవ ప్రక్కకు వాలును. పడిపోకుండ దేహము తన్ను తాను సర్దుకొనును. వల లాగునపుడు మన బెస్తవారి వీపులను చూచినవారి కీ సంగతి వివరింప బనిలేదు.

రామారావు గారు 1920లో ఆ విద్యను మంచి పేరుతో ముగించిరి. ఇంతటితో ఆగినచో వారు పటములు వ్రాసి సుఖముగ జీవించియుందురు. కాని వారు బొంబాయిలో నున్నకాలముననే అజంతా గుహలను చూచిరి. అజంతా ఆ పాఠశాలకు క్రొత్త కాదు. గ్రిఫిత్సు అను అధ్యాపకుడు 1872 మొదలు 1885 వరకు ఆ పాఠశాల విద్యార్థులను వెంట నుంచుకొని ఆ గోడలమీది చిత్రములకు నకళ్లు తీయించియుండెను. వానిలో అనేకములు లండనులో అగ్నికి ఆహుతియైనవి. రామారావు గారు నకళ్లకొరకు పోలేదు. పాఠశాల నేర్పినదానికి అచట ఎదురుమాట దొరకెను.

అజంతా చిత్రకారునికి వెలుగునీడలమీద పెద్ద ఆసక్తి లేదు. దేహము గుండ్రదనము నంతయు అతడు గీతతోనే చెప్పును. భుజమునుండి మోచేతికి, మోచేతినుండి వ్రేళ్లకొనలకు ఒకే ఊపిరిలో జారు గీత అది. ఎక్కడ గట్టిగా, ఎక్కడ పలుచగా నుండవలెనో దానికే తెలియును. సున్నపు బొమ్మను గీసిన విద్యార్థికి గీత యనునది వస్తువు అంతమైన చోటు మాత్రమే. అజంతావానికి గీతయే వస్తువు. మన ముగ్గుకు బంధువైన ఈ రహస్యమును రామారావు గారు గ్రహించిరి. అయితే వారు తాము నేర్చినదానిని పారవేయలేదు. దేహముయొక్క బరువు, ఎముకల నిలుకడ, ప్రమాణము బొంబాయివి. వానిపై జారు గీత అజంతాది. ఈ రెంటిని కలుపుటయే వారి సాధన.

చదువు ముగిసినపిదప కొంతకాలము గుజరాతు, కాఠియావాడ ప్రాంతములలో సంచరించిరి. అచటి గొల్లస్త్రీల నిండైన పావడాలు, తలమీద కుండలు, వారి నృత్యము ఆయనను ఆకర్షించెను. కాఠియావాడ గొల్లపడుచులను గూర్చియు, నర్తకులను గూర్చియు వ్రాసిన చిత్రములు ఆ యాత్రాఫలములే. ఎక్కడికి పోయినను జేబులో ఒక చిన్న పుస్తకము, పెన్సిలు ఉండవలసినదే. నడచుచున్న మనుష్యుని రెండు నిమిషములలో పట్టుకొనవలె నన్న చేయి అనవసరమైనది గీయదు. పది గీతలలో ఏ మూడు లేకున్న మనుష్యుడు నిలువడో ఆ మూడే మిగులును. వారి చిత్రకళలోని పొదుపు ఈ జేబుపుస్తకములలో అలవడినదని నా యభిప్రాయము.

కలకత్తాకు పోయి అవనీంద్రనాథుల వారిని, వంగచిత్రకారులను కలిసికొనిరి. అవనీంద్రులు మన ప్రాచీనుల చిత్రకళాషడంగములను వివరించి లోకమునకు చాటినవారు. వాత్స్యాయనునికి వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు చెప్పిన ఆ ఆరంగములు రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. పాశ్చాత్యులు చెప్పెడి మూలసూత్రములకును వీనికిని చాల పోలిక కలదు. భేదము భావమునొద్ద వచ్చును. కొలత సరిపోయినను, రంగు కుదిరినను, భావము లేనిది చిత్రము కాదని మనవారు దానిని అంగములలో నొకటిగా చేర్చిరి. రామారావు గారు కలకత్తావారిని గౌరవించిరి గాని వారి మసకరంగులలో తాము కలిసిపోలేదు.

1922లో కలకత్తా ప్రదర్శనమున వారి ఋష్యశృంగ బంధనమునకు ప్రథమ బహుమానము లభించెను. కథ మన కందరకు తెలిసినదే. అంగదేశమున వానలు లేక రోమపాదుడు, స్త్రీముఖ మెరుగని మునికుమారుని రప్పించుటకు వారకాంతలను అడవికి పంపును. ఇట్టి కథను చిత్రించువానికి గొప్ప చిక్కు కలదు. అలంకరించుకొన్న పలువురు స్త్రీలు ఒక ప్రక్క, నారచీరలు కట్టిన ఒక్క యువకుడు ఒక ప్రక్క. సంఖ్యనుబట్టి చూడ తూకము కుదరదు. చూపు స్త్రీల నగలమీదికే పోవును. కాని తూకమనగా ముగ్గులోవలె అటు నిటు సమానముగా పెట్టుటయే కాదు. తక్కెడలో ఒక వైపు పత్తిబస్తా, వేరొక వైపు చిన్న సీసపుగుండు పెట్టినను ముల్లు నిలుచును గదా. ఒక్క అమాయకపు ముఖముపై చూచువారి మనస్సంతయు నిలువజేయగలిగినచో ఆ యువకుడు అందరితో సరితూగును. పేరులోనే బంధన మున్నది. ఆ బంధనము త్రాడుతో కట్టినది కాదు, చూపులతోను చేతులతోను కట్టినది. ఇదియే ప్రాధాన్యము, ఇదియే భావము.

ఆ ప్రదర్శనమున వారి గోదావరీ దృశ్యము నొకదానిని అప్పటి రాజప్రతినిధి రీడింగు ప్రభువు కొనుట మరియొక గౌరవము. తూర్పుకనుమల నడుమ గోదావరి పోవు చోటు అది. భద్రాచలమునకు పడవలో పోయినవారు ఆ కొండలను చూచియుందురు. దగ్గరి కొండ నల్లగా పచ్చగా, దాని వెనుకది నీలముగా, ఇంకను వెనుకది పొగవలె పలుచగా కన్పించును. నడుమ గాలియు మంచును చేరి రంగును త్రాగివేయుటయే దీనికి కారణము. దూరమును గీతతోనే కాక రంగుతోను చెప్పవచ్చునని ప్రకృతియే అచట పాఠము చెప్పుచున్నది. గోదావరి యొడ్డున పుట్టినవానికి ఈ పాఠము బొంబాయిలో ఎవరు చెప్పవలె?

పుష్పాలంకరణము, సిద్ధార్థ రాగోదయము, నందిపూజ మున్నగునవి వారి ప్రసిద్ధచిత్రములు. సన్నని నడుములు, పొడవైన చేతులు, ఒకరిపై ఒకరు వాలిన స్త్రీలు, వారిని కలుపుచు చిత్రమంతట అలవలె ప్రాకు గీత వీని లక్షణములు. అమరావతి శిల్పములను చూచినవారికి ఈ సన్నని దేహములు పరిచితములుగనే తోచును. ఒకమాట దాపరికము లేక చెప్పవలెను. ఈ పురాణచిత్రములలో కొన్నిటియందు మాధుర్యము కొంచెము మితిమీరినది. స్త్రీలందరు ఒకే తల్లికి పుట్టిన అక్కచెల్లెండ్రవలె నుందురు. జేబుపుస్తకములలోని మనుష్యులు అట్లుండరు. వారిలో ఎవరి ముఖము వారిదే. రామారావు గారు ఇంకను ఇరువదేండ్లు జీవించియున్నచో ఈ రెండును ఒకటియై యుండునేమో యని తోచి మనస్సు కలత పడును.

1922 ప్రాంతమున రాజమహేంద్రవరమున వారు స్వయముగ చిత్రకళాశాలను స్థాపించిరి. బొంబాయిలోనో కలకత్తాలోనో నిలిచియున్నచో కీర్తియు ధనమును హెచ్చుగా వచ్చెడివి. అయినను స్వస్థలమునకు మరలివచ్చి, పిల్లలకు పెన్సిలు పట్టుట మొదలు నేర్పిరి. వరదా వేంకటరత్నము గారు వారికి కుడిభుజమై యుండిరి. భార్య సత్యవాణి గారును, సోదరి బుచ్చికృష్ణమ్మ గారును చిత్రములు వ్రాసిరి. స్త్రీలు చదువుకొనుటయే అరుదైన దినములలో ఒకే యింట ఇద్దరు స్త్రీలు కుంచె పట్టుట గమనింపదగినది. ముగ్గు వేయు చేతికి కాగితము నిచ్చిన ఏమగునో ఆ యిల్లు చూపినది. ఆ దినములలోనే బందరునందు జాతీయకళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయుల వారు వంగపద్ధతిని బోధించుచుండిరి. అడివి బాపిరాజు గారు అచట చేరిరి. ఒక గురువునొద్ద కూర్చున్న ఇద్దరు మిత్రులు ఈ విధముగ రెండు త్రోవల పోయినను ఒకరి నొకరు విడువలేదు. 1924లో లండనుదగ్గర వెంబ్లీలో జరిగిన సామ్రాజ్య ప్రదర్శనమునకు రామారావు గారి చిత్రములు వెళ్లెను.

మరుసటి సంవత్సరము మశూచి సోకెను. 1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావు గారు పరమపదించిరి. వారికి ఇరువది యెనిమిది నిండుటకు ఇంక నొక నెల కొదువ.

అమ్మవారు పోసినదని వేపమండలు కట్టిన యిండ్లను మన పెద్దలు ఎరుగుదురు. మన దేశమున ఆ వ్యాధి 1975తో అంతరించినది. 1980లో ప్రపంచమునుండి తొలగినట్లు ప్రకటింపబడినది. ఇప్పటి పిల్లలకు దాని పేరుకూడ తెలియదు. అది తెలుగునాటినుండి ఎవరెవరిని తీసికొనిపోయెనో లెక్క లేదు.

పాఠశాలకు పట్టుమని మూడేండ్ల వయస్సు. దీపము ఆరినదని అందరు తలచిరి. కాని వరదా వేంకటరత్నము గారు పాఠశాలను విడువలేదు. దాని విద్యార్థుల రచనలను చిత్రకళాభిజ్ఞులు రాజమహేంద్రవర పద్ధతి యని వేరుగ పేర్కొనజొచ్చిరి. సత్యవాణి గారును మిత్రులును వారి చిత్రములను ఒక్కొక్కటిగా చెదరనీయక కాపాడిరి. కొన్నవారికి అమ్మివేసినచో అవి దేశమున పది దిక్కులకు పోయి, నేడు పేరు దప్ప ఏమియు మిగిలియుండెడిది కాదు. 30కి పైబడిన తైలవర్ణచిత్రములు, 100కు మించిన నీటిరంగుల చిత్రములు, వందలకొలది పెన్సిలు చిత్రణలు, జేబుపుస్తకములు రాజమహేంద్రవరమున వారి పేర వెలసిన చిత్రశాలయందు పదిలపరుపబడినవి.

గోదావరి పుష్కరములకో, భద్రాచల యాత్రకో పోవు మన గ్రామస్థులు ఒక గంట కాలము మిగుల్చుకొని ఆ చిత్రశాలకు పోవుదురు గాక. పెద్ద చిత్రములను చూచినపిదప పెన్సిలు చిత్రణల యొద్ద కొంచెము నిలువుడు. వెంట పిల్లలున్నచో వారిని ముందు నిలుపుడు.